దెబ్బకు చోటు వెతికే వెయ్ అక్క

వెయ్ గుయిఫాంగ్ ఎవరో మీకు తెలియదు. మీ అదృష్టం. నాకు ఆరేళ్లుగా తెలుసు. ఆ ఆరేళ్లలో నా నెత్తిన నల్లవెంట్రుక మిగల్లేదు.

చైనాలోని లియూజౌలో, మా కరెంటు కార్ల ఫ్యాక్టరీ పరీక్షల షెడ్డులో ఆవిడ చేసే పని చెబితే నవ్వొస్తుంది. చేతిలో సుద్దముక్క పట్టుకుని, చిన్న చక్రాలున్న పలక మీద వెల్లకిలా పడుకుని, పైకెత్తి నిలిపిన కారు కిందికి దూరుతుంది. బ్యాటరీ పెట్టె అడుగున ఒకచోట నిలువుగా, అడ్డంగా రెండు గీతలు గీసి బయటికొస్తుంది. రోడ్డు మీద రాయి ఎగిరి తగిలినట్టు, యంత్రం ఒక ఉక్కు కడ్డీతో కిందినుంచి సరిగ్గా ఆ గుర్తు మీదే కొడుతుంది. ఆ తర్వాత రెండు గంటలు అద్దం వెనక కూర్చుని చూడాలి. పొగ రాకూడదు, మంట రాకూడదు, బ్యాటరీని చల్లబరిచే ద్రవం లోపలినుంచి చుక్క కూడా కారకూడదు.

ఆ పెట్టెకు అడుగు రేకు తయారుచేసేది నేను. నా పేరు లాన్ షౌమింగ్, నా కింద ఏడుగురు పనిచేస్తారు. చచ్చీచెడీ ఏడాదిపాటు మేం చేసిన రేకును ఆవిడ ఒక్క సుద్దగీతతో తుక్కులో పడేస్తుంది. ఈ కొత్త కారుకి అలా వరసగా మూడు రేకులు పడేసింది. ఎక్కడ మెత్తగా ఉందో ఎలా కనిపెడుతుందో భగవంతుడికే తెలియాలి. ఫ్యాక్టరీకి రాకముందు పద్నాలుగేళ్లు సాన్‌జియాంగ్ కొండదారిలో జనాన్ని ఎక్కించుకుని వ్యాను తోలిందట. రాయి ఎక్కడ తగులుతుందో తన నడుముకు తెలుసంటుంది. నడుముతో లెక్కలు వేసే మనిషితో ఏం వాదిస్తాం?

నాలుగో రేకు పరీక్షకు వచ్చేసరికి వ్యవహారం నా పీకల మీదికొచ్చింది. మా విభాగం పెద్ద ల్యావ్ గారు ముందురోజే పిలిచి చెప్పారు.

"ఇది కూడా పోతే నీ బృందాన్ని నేను కాపాడలేను లాన్. పైవాళ్లు ఈ పని వేరే ఊరి వాళ్లకి అప్పగించేస్తామంటున్నారు. ఆ తర్వాత నన్ను అనొద్దు."

మా ఏడుగురిలో ఇద్దరికి ఆ ఏడాదే పిల్లలు పుట్టారు. నాకు ఆ రాత్రి కంటిమీద కునుకు పడితే ఒట్టు.

పొద్దున్నే డ్రాయింగు పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను. బల్ల మీద కూర్చుని నూడుల్స్ తింటోంది. పులిసిన వెదురు మొలకల వాసన షెడ్డంతా కొడుతోంది.

"వెయ్ అక్కా, ఈసారి ఇదిగో, ఇక్కడ గియ్యి. డ్రాయింగులో చూపించాను."

"ఇక్కడ రేకు వెనక ఇనుప అడ్డబద్ద ఉంది కదా."

"ఉంటే?"

"ఉంటే అక్కడ తగిలినా ఏం కాదు. ఏం కానిచోట కొట్టడానికి నేనెందుకు, ఆ యంత్రం ఎందుకు? నువ్వే సుత్తి తీసుకుని కొట్టుకో."

"అక్కా, నిబంధనల్లో ఫలానా చోటే కొట్టమని లేదు."

"ఫలానా చోట కొట్టొద్దనీ లేదుగా! రోడ్డు నీ డ్రాయింగు చూసి రాయి పెడుతుందా నాయనా?"

"నీ మొండితనంతో ఏడుగురి కూడు పోతుంది, తెలుసా?"

"తెలుసు. అందుకే గట్టిగా చెయ్యమని మూడుసార్లు చెప్పాను. విన్నావా?" అని గిన్నె ఎత్తి పులుసు మొత్తం తాగేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ పలకెక్కి కారు కిందికి జారింది. గోటితో టకటకా కొట్టుకుంటూ, చెవి ఆనించి వింటూ పావుగంట అక్కడే ఉంది. చివరికి గీసింది. ఎక్కడనుకున్నారు? రెండు బద్దల మధ్య, చల్లబరిచే ద్రవం పోయే గొట్టం అతుకు సరిగ్గా కింద. ఆ అతుకు గురించి నేను ఎవరికీ చెప్పలేదు. నాకే దాని మీద అనుమానం ఉండేది.

ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. యంత్రం నడిపేవాడు ఫోను చూసుకుంటున్నాడు. నేను పలకెక్కాను. చొక్కా చేతి గుడ్డతో గీత చెరిపేసి, నాలుగు వేళ్ల దూరం పక్కకి, బద్ద మీద అలాంటిదే గీశాను. ఇరవై లెక్కపెట్టేలోగా అయిపోయింది. సిగ్గు పడ్డానా? లేదు. కోపంలో ఉన్నాను. ఆవిడ వల్లే ఇదంతా అనుకున్నాను.

కడ్డీ కొట్టింది. రేకు సొట్టపడిందేగాని పగల్లేదు. నిమిషాలు గడిచాయి, చుక్క కారలేదు. ల్యావ్ గారు నా వీపు చరిచి, అప్పుడే పైవాళ్లకు ఫొటోలు పంపించేసి, భోజనానికి వెళ్లిపోయారు. రెండు గంటలు గడిచేదాకా కదలని మనిషి ఒక్కతే, వెయ్ అక్క. పక్కన నేను.

గంటన్నర గడిచాక ఆవిడ నావైపు తిరిగింది. ఆరేళ్లలో ఆవిడ నా మొహం చూసి నవ్వడం అదే మొదలు.

"నాకు తెలిసి అంతకన్నా మెత్తని చోటు లేదు అబ్బాయ్. అయినా ఆగింది. బాగా చేశావు. నేనింక తిట్టను."

నేను అద్దంలోంచి కారు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ఫోను తీసి మొగుడికి కలిపింది. స్పీకరు పెట్టింది. ఆయనకు చెవుడు, ఇద్దరూ అరుచుకోవాల్సిందే.

"ఏమయ్యా! ఆ పాత వ్యాను అమ్మేద్దాం. మా లాన్ చేసిన కారు కొందాం."

"ఏ కారూ నమ్మనన్నావు కదే?"

"ఇది నమ్ముతాను. ఎక్కడ కొట్టాలో నేనే చూసి గీశాను. నిలబడింది. మనవరాల్ని బడికి కూడా దీంట్లోనే తీసుకెళ్లొచ్చు. ఎల్లుండే పేరు రాయించు."

నా బృందంవాళ్ల ఇద్దరు పసిపిల్లల సంగతి నాకు గుర్తుంది. ఈ మూడో పిల్ల, ఆవిడ మనవరాలి సంగతి నా చెవిన ఎందుకు వేసినట్టు? ఈ మనిషి ఎప్పుడూ తిట్టే మనిషి, ఇవాళే మెచ్చుకోవాలా?

"అక్కా, పేరు రాయించొద్దని చెప్పు."

"ఏం?"

"ఆ గీత నువ్వు గీసింది కాదు. చెరిపేసి బద్ద మీద నేను గీశాను."

ఫోనులో ఆయన "ఏమంటున్నాడే? ఏమంటున్నాడు?" అని అరుస్తున్నాడు. ఆవిడ నన్ను చూస్తూనే ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఏం లేదయ్యా. కారు ఇంకా తయారవలేదట," అని పెట్టేసింది.

నేను లేచి తలుపు వైపు నడవబోయాను.

"కూర్చో. రెండు గంటలు నిండటానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. కింద ఏం రగులుతోందో నీకేం తెలుసు?"

ఆ ఇరవై నిమిషాలు నా జీవితంలో నేను ఓర్చుకున్న వాటన్నిట్లోకీ పెద్దవి. గడువు కాగానే ఆవిడ సుద్దముక్క నా చేతిలో పెట్టింది. నేనే కిందికి దూరి ఆవిడ మొదట గీసిన చోటే గీశాను. అద్దం వెనక్కి వచ్చాం, కడ్డీ మళ్లీ కొట్టింది. ల్యావ్ గారు పళ్లు కుట్టుకుంటూ భోజనంనుంచి వచ్చేసరికి కారు కింద నేల మీద పచ్చటి ద్రవం చిన్న మడుగు కట్టింది.

ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పైవాళ్లకు పంపిన ఫొటోలు ఆయన ఎలా వెనక్కి తీసుకున్నారో కూడా నాకు తెలియదు. నెల తిరక్కుండా నా ఏడుగురిలో నలుగుర్ని వేరే ఊరు పంపేశారు. వాళ్లలో పసిపిల్ల తండ్రి ఒకడున్నాడు. అతను ఇప్పటికీ నా ఫోను ఎత్తడు. మిగిలిన ముగ్గురితో ఐదో రేకు మొదలుపెట్టాను. ఆ అతుకును అక్కణ్ణించి పూర్తిగా తీసేసి పక్క గోడలోకి మార్చాం.

వెయ్ అక్క ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. నా దగ్గర కూడా ఎత్తదు. రోజూ మధ్యాహ్నం మా గది గుమ్మంలోకి వచ్చి, నలుగురూ వినేట్టు ఒకటే ప్రశ్న అడుగుతుంది.

"ఏం లాన్ అబ్బాయ్, నా కారు ఎప్పుడిస్తావు? వ్యాను తలుపు ఊడిపోయేట్టుంది, మా ఆయన తాడుతో కట్టి తోలుతున్నాడు. వేరే కారు కొనమంటే కొననంటున్నాడయ్యా, మీ లాన్ చేసిందే కావాలంటున్నాడు."