ఆఖరివాళ్ల కోసం పట్టుకున్న చీర అంచు

మా మేనత్త పోయిందని ఫోను వచ్చేసరికి నేను రావులపాలెంలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఫోనులో నాన్న గొంతు, చుట్టూ అరటిగెలల లారీల హారన్లు. రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఆదివారం పొద్దున్నే కొత్తపేట వైపు కాలవగట్టు మీదుగా వెళ్లేవాళ్లు మీలో ఉంటే ఆవిడను చూసే ఉంటారు. కుచ్చిళ్లు పైకి దోపిన కాటన్ చీర, కాళ్లకి తెల్ల కాన్వాసు బూట్లు. చుట్టూ మా ఇంటివాళ్లు, వీధివాళ్లు. లాకుల నుంచి వంతెన దాకా మేం పరిగెత్తే ఆ పందెం ఆవిడ పెట్టిందే.

చాన్నాళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసి వచ్చింది. "అక్కడ గుమ్మం దాటాలంటే తోడు ఉండాలే అమ్మడూ. రోడ్డుని కిటికీలోంచి చూడ్డమే" అనేది. తిరిగొచ్చిన వారానికే పరుగుకని రోడ్డెక్కింది. టీకొట్టు దగ్గర ఎవరో అడిగారు.

"ఏవండీ, బస్సు తప్పిపోయిందాండీ?"

"ఆయ్, తప్పిపోయిందండీ. రేపటి బస్సుకి ఇప్పుడే బయల్దేరేనండీ!" అంది, ఆగకుండా.

మా పందెంలో ముందొచ్చినవాళ్లు రిబ్బను తెంపరు. వంతెన దగ్గర మావయ్య గారు ఓ పాత చీర అంచుకి ఒక కొస పట్టుకుని, రెండోది వంతెన కమ్మీకి ముడేసి నిలబడేవారు. మొదట వచ్చినవాళ్లు దాని కిందనుంచి వంగి వెళ్లి రెండో కొస విప్పి పట్టుకోవాలి. బహుమతి అదే. తర్వాతివాళ్లూ వంగే వెళ్లాలి. అంచుని ఛాతీతో తాకి అవతలికి వెళ్లే హక్కు ఆఖరివాళ్లది. అది అయ్యేదాకా ఎవరికీ పెసరట్టు ఉప్మా లేదు.

"ముందొచ్చినోళ్లకి ఎలాగూ చప్పట్లు కొడతారే. ఆఖరోళ్లు వచ్చేసరికి అంతా టిఫిన్లకి పోతారు. అదేం మర్యాదే?" అనేది అత్త.

రెండో కొస ఎక్కువసార్లు నాకే దక్కేది. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండలేదు నేను. ఒకచోట నిలబడి ఇంకొకరి కోసం ఎదురుచూడటం వచ్చిందంటే ఆ వంతెన మీదే వచ్చింది.

ఆఖరి స్థానానికి అత్తకీ, పక్కింటి టీచరు గారికీ పోటీ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. దారంతా అత్త ఆవిడ పక్కనే కబుర్లు చెబుతూ వచ్చేది. తీరా అంచు దగ్గరికి వచ్చాక ఇద్దరూ ఆగిపోయేవారు.

"పదండి టీచరు గారూ."

"అబ్బే, పెద్దవారు, ముందు మీరు పదండి."

"నేనెక్కడ పెద్దదాన్నండీ! రిటైరయ్యింది మీరా, నేనా?"

"ఎవరో ఒకరు రండమ్మా, ఉప్మా గడ్డకడుతోంది!" అని మావయ్య గారి కేక.

అంత్యక్రియల రోజు ఇంట్లో ఓ మాట లేచింది. "ఆ వయసులో పరుగులేంటండీ? అవే ప్రాణం మీదికి తెచ్చేయి." మావయ్య గారు తలొంచుకుని విన్నారు. మా పందెం కూడా ఆవిడతోనే పోయిందనుకున్నాను. చీర అంచు మాత్రం అత్త ఉతికి ఆరేసినది ఆరేసినట్టే దండెం మీద ఉంది. ఎవరూ తీయలేదు.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన ఆదివారం మనసాగక లాకుల దగ్గరికి వెళ్లాను. టీచరు గారు అప్పటికే ఉన్నారు. ఎవరూ ఎవరినీ పిలవకపోయినా ఒక్కొక్కరే వచ్చారు. పరిగెత్తాం. వంతెన కనబడేసరికి అక్కడ మావయ్య గారు నిలబడి ఉన్నారు, చేతిలో ఆ అంచుతో. వంగి వెళ్లి రెండో కొస అందుకున్నాను.

ఒకరి తర్వాత ఒకరు అందరూ వంగి వెళ్లారు. చిట్టచివర టీచరు గారు వచ్చారు. పక్కన పోటీకి ఎవరూ లేరు. ఆవిడ అంచు దాకా వచ్చి ఆగారు. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని, మెల్లగా వంగి, కిందనుంచి ఇవతలికి వచ్చేశారు.

ఉప్మా మాట ఎవరూ ఎత్తలేదు.

"మావయ్య గారూ..." అన్నాను.

"ఉండమ్మా" అన్నారాయన, గట్టు వైపే చూస్తూ.

కొబ్బరికాయల ఆటో ఒకటి వచ్చి హారన్ కొట్టింది. ఇద్దరం చేతులు పైకెత్తాం. ఆటో అంచు కిందనుంచి వెళ్లిపోయింది. మళ్లీ దించి పట్టుకున్నాం.