బెల్టు లేని బిళ్ళలు

పటాన్‌చెరు నుంచి గడ్డపోతారం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నతను తాళాల గుత్తి లాంటిది బయటికి తీశాడు. అవి తాళాలు కావు, చిప్పులున్న ఇనుప బిళ్ళలు. ఫ్యాక్టరీ గొట్టాల మీద, ట్యాంకుల మీద తాడుకు వేలాడి పనిచేసే మాలాంటి వాళ్ల బెల్టులకు ఉండాల్సినవి. బెల్టును చేత్తో తడిమి, కుట్లు చూశాకే బిళ్ళకు ఫోను ఆనించి పాసో ఫెయిలో నొక్కాలి. అతను మాత్రం గలగలమని బిళ్ళలు తిప్పుతూ అన్నింటికీ పాస్ నొక్కుతున్నాడు.

"అన్నా, బెల్టులేవి?" అన్నాను.

"సైట్ల ఉన్నయి. బిళ్ళలు ఊడిపోతున్నయని నేనే తీసి పెట్టుకున్న."

"సూడకుండనే పాసంటే ఎట్ల?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వేమన్న ఆఫీసరువా?"

"గా బెల్టు కట్టుకొని నువ్వు తాడు మీద దిగుతవా?"

"నేనెందుకు దిగుత? నాది చెకింగ్ పని."

ఏ కంపెనీ అని అడిగితే చెప్పకుండానే దిగిపోయాడు.

నా సంచిలోని బెల్టుకు కూడా బిళ్ళ లేదు. ఎక్కడో ఊడి పడిపోయిందనుకున్నాను అన్నాళ్లూ.

ఇప్పటికీ ఎవరి తాళాలైనా గలగలమంటే నా చెయ్యి నడుము మీదికి పోతుంది.