పోటు నీళ్ళు

సఖినేటిపల్లి రేవులో, కార్లను గోదావరి దాటించే పంటు ఎక్కేసరికే నా పాత కారు ఆవిరి కక్కుతోంది. కింద చెక్కల మీద ఆయిల్ బొట్లు పడుతున్నాయి. కొత్త రేడియేటర్ వేయించి ఆరు నెలలు కాలేదు. ఆ పొద్దున్నే, దాన్ని బిగించిన రాజోలు మెకానిక్‌ని అతని షెడ్డులోనే పదిమంది ముందు దొంగ అని తిట్టి వచ్చాను. ఆ కోపం ఇంకా దిగలేదు. పంటు నిండేలోగా ఇంజను కాస్త చల్లారింది. వారం వారం చేసే పనే కదా అని బకెట్టు గోదావరిలో ముంచి తెచ్చాను.

పక్కనే సైకిలు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన అడిగాడు. "ఎప్పుడూ ఇయ్యే పోత్తారాండీ?"

"గోదారి నీళ్ళకి వంకేంటండీ?" అన్నాను విసురుగా.

ఆయన బకెట్లో వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు. "సముద్రం పోటు మీదుందండి, ఉప్పునీళ్ళు గోదార్లోకి ఎక్కేత్తాయండి. ఈ ఉప్పు లోపల ఇనుమంతా తినేత్తదండి. దాంతో ఇంజను కాగిపోద్ది, ఆ వేడికి గాస్కెట్లు మాడి ఆయిలు కారుద్ది. మెకానిక్కు సెప్పలేదాండీ?"

చెప్పాడు. కుళాయి నీళ్ళే పోయమన్నాడు. గోదారమ్మ కంటే నీ కుళాయి గొప్పదా అని నవ్వాను.

నేనూ వేలు ముంచి చూశాను. ఉప్పగా ఉంది. ఆ పెద్దాయన మీద పట్టరాని కోపం వచ్చింది.

"మీ పని మీరు చూసుకోండి" అన్నాను.

"ఆయ్" అని ఆయన సైకిలు అటు తిప్పుకున్నాడు.

ఇప్పటికీ రేడియేటర్లో నీళ్ళు పోసేముందు వేలు ముంచి రుచి చూస్తాను. రాజోల్లో ఆ షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కారు వేగం పెంచేస్తాను.