రెండో ఎడిషన్ కోసం ఆగే కోటేష్ అన్న

"అన్నా, ఈ టీకాతోని నా బిడ్డకేమన్నా అయితదంటవా?"

పాపను చంకనేసుకొని, చేతిలో పేపర్ నలుపుకుంటూ ఆ పొద్దున నేనడిగిన మొదటి మాట ఇదే. ఏన్కూరు బస్టాండ్ పక్కన నెట్ సెంటర్ నడిపే కోటేష్ అన్న తలెత్తలేదు.

"కూసో చెల్లె. మిర్చి రేటు చూడనీ ముందు."

అది 2008 మార్చి. కోటేష్ అన్న మా పక్క తండా మనిషి. ఖమ్మం నుంచి మొదటి బస్సుకు వచ్చే పేపర్లన్నీ బల్ల మీద పరిచి ముందు మార్కెట్ యార్డు ధరలు, తర్వాత రాజకీయాలు, ఆఖరున జిల్లా పేజీ చదివేవాడు. ఒకే మీటింగు వార్తను రెండు పేపర్లలో పక్కపక్కన పెట్టి, "దీంట్ల జనమే జనం. దీంట్ల కుర్చీలన్నీ ఖాళీ. ఒక్కటే మీటింగు!" అని నవ్వేవాడు. అదంతా తన బ్లాగులో రాస్తే హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే మన వైపు వాళ్లు ఆఫీసులో కూర్చుని చదువుకునేవారు.

ఆ రోజు జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో ఒక వార్త. ఎక్కడో ఒక పల్లెలో టీకా వేసిన మర్నాడే ముగ్గురు పిల్లలు దవాఖానా పాలయ్యారట. మా ఊళ్లో టీకాలు వేసేదీ ఆ రోజే. నర్సమ్మ మళ్లీ నెలకు గానీ రాదు. పాపకు తొమ్మిదో నెల నిండింది, పక్క వీధిలో తట్టు తిరుగుతోంది. నేను బీఎస్సీ జువాలజీ. టీకా ఎలా పనిచేస్తుందో పరీక్షలో బొమ్మ వేసి మరీ రాశాను. అయినా కాళ్లు నర్సమ్మ దగ్గరికి కాకుండా ఇటు నడిచాయి.

"బ్లాగుల పెట్టన్నా, అందరికీ తెలుస్తది."

"పెడితే ఇయ్యాల కామెంట్లు కుప్పలు పడ్తయి." మౌస్ వదిలేశాడు. "గని మన అడవి దిక్కు వచ్చే పేపర్ రాత్రి జల్దీ అచ్చయితది. ఖమ్మంల పంచేది దాని తర్వాత అచ్చయ్యే రెండో ఎడిషన్. దాంట్ల ఏమున్నదో తెల్వకుంట నేను రాయ."

ఖమ్మంలో పేపర్లు పంచే ప్రభాకర్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"ఏందిరా, నీ పేపర్ల టీకా వార్త ఎట్లున్నది? చదువు."

"రోజూ పొద్దుగాల్నే నాతోని చదివిచ్చుడేంది, నేనేమన్నా నీ రేడియోనా?" అని తిట్టుకుంటూనే చదివాడు.

అందులో వార్త చిన్నదైపోయింది. ముగ్గురూ ఒకే పెళ్లిలో తిన్న పిల్లలు. అక్కడ తిన్న పెద్దలకూ వాంతులే. ముగ్గురిలో ఇద్దరికి అసలు టీకానే వేయలేదు. అందరూ కోలుకుంటున్నారు.

"అయినా భయమైతుందన్నా."

"అయితది. సూది ఏసినంక అర్ధగంట నర్సమ్మ కాడ్నే కూసో, పో."

కూర్చున్నాను. పాప ఏడ్చింది, పాలు తాగింది, నా ఒళ్లోనే నిద్రపోయింది. తిరిగొస్తూ ఆ మాట చెబుదామని ఆగితే, కోటేష్ అన్న పేపర్లు మడతపెడుతూ అన్నాడు:

"భయపెట్టే వార్త కనవడితే అదెప్పుడు అచ్చయిందో చూడు చెల్లె. దాని తర్వాతి పేపర్ చూసేటోళ్లకు ఫోన్ కొట్టు. గప్పటికీ భయపడాలంటే, గప్పుడు భయపడు."

ఇప్పటికీ నేను అదే వరుసలో భయపడుతుంటాను.