పదకొండు రాజీ కాగితాలు

1946లో నేను ఒక బీమా కంపెనీ జూనియర్ ఇన్స్పెక్టరుగా నరసరావుపేటలో చేరాను. లారీలకూ బస్సులకూ బీమా తప్పనిసరి చేసిన చట్టం అమల్లోకి వచ్చింది ఆ ఏడాదే. బండి ఎవరినైనా గుద్దితే ఆ మనిషికి ఇవ్వాల్సిన పరిహారం కంపెనీ భరిస్తుంది. బీమా సర్టిఫికెట్టు లేకపోతే బండి రోడ్డెక్కకూడదు. నకరికల్లులో కాలు పోగొట్టుకున్న ఒక ఆడమనిషికి ఆ పరిహారం దక్కుతుందా లేదా అన్నది, చివరికి నేను నింపిన ఒక ఫారంలో తొమ్మిదో ప్రశ్న మీదికి వచ్చింది. అందుకని ఆ ఫారం సంగతే ముందు చెబుతాను.

గడచిన మూడేళ్లలో ఈ బండికి ప్రమాదాలేమైనా జరిగాయా అన్నది తొమ్మిదో ప్రశ్న. పల్నాడు లారీ యజమానులందరూ దీనికి ఒకటే జవాబు చెప్పేవారు: లేవు. ముందు బంపరు ఊడిన లారీ యజమానీ అదే అనేవాడు, తలుపును తాడుతో కట్టుకొచ్చిన లారీ యజమానీ అదే అనేవాడు. ఆ ఫారాలు చదివితే లారీ ప్రమాదమంటే ఏమిటో తెలియని సీమ పల్నాడే అని నమ్మాల్సిందే.

పిడుగురాళ్ల సాంబయ్య ఒక్కడే వేరు. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న లారీ ఒకటి కొని, సున్నపు బట్టీల నుంచి నరసరావుపేటకు సున్నం తోలేవాడు. దాని బ్రేకులు బుద్ధి పుడితే పడేవి. నా దగ్గరికి వచ్చేసరికే రెండు కంపెనీలవాళ్లు అతనికి మొహం చాటేశారు. ఎందుకో నా బల్ల ముందు కూర్చున్నాక తెలిసింది. తొమ్మిదో ప్రశ్న చదివి వినిపించగానే అతను గుడ్డసంచిలోంచి ఒక కట్ట తీసి, పెళ్లి శుభలేఖ ఇచ్చినంత మర్యాదగా నా చేతికిచ్చాడు. పదకొండు రాజీ కాగితాలు.

మా వైపు అప్పట్లో ఇలాంటి గొడవలు పోలీసుల దాకా పోయేవి తక్కువ. ఊరి పెద్దమనుషులు కూర్చుని ఇంత ఇమ్మని తేల్చి, దెబ్బ తిన్నవాడి చేత కాగితం మీద వేలిముద్ర వేయించేవారు. రెండు గేదెల తాలూకు కాగితం ఒకటి, కూలిన గోడ తాలూకుది ఒకటి, కల్లుపాక తాలూకుది ఒకటి, ఎడ్లబండితో పాటు దాని కింద నిద్రపోతున్నవాడి తాలూకుది ఒకటి, ఇలా పదకొండు. ఏడాది తిరక్కుండానే ఇన్ని సంపాదించాడు మహానుభావుడు. అన్నిటి చివరా ఒకటే వాక్యం: నాకు ఈ లారీ మీద గానీ దీని యజమాని మీద గానీ ఎట్టి తగాదా లేదు.

సాంబయ్య లెక్కలో అవి అతని మంచితనానికి సాక్ష్యాలు. "పదకొండు సార్లు గుద్దినా ఒక్కడు కోర్టుకు పోలేదండీ. ఇంత మంచిపేరు ఇంకే లారీకుందో చూపించండి" అన్నాడు. వేళాకోళానికి అనలేదు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

నిజానికి నేనూ 'లేవు' అని రాసేవాణ్ణే. కానీ అంతకు ముందు వారం, ఏదో ఫారంలో ఒక గడి ఖాళీగా వదిలానని గుంటూరు బ్రాంచి మేనేజరు నలుగురిలో నన్ను చడామడా తిట్టాడు. ఆయన ఏ ఫారమూ చదవడు, ఖాళీలు మాత్రం వెతుకుతాడు. సరే, నిండుగానే పంపుదామని తొమ్మిదో ప్రశ్న ఎదుట ఇంగ్లీషులో 'జతచేసిన పదకొండు కాగితాలు చూడగలరు' అని రాసి, కట్ట మొత్తం గుచ్చి పంపేశాను. దీన్ని నిజాయితీ అనుకోకండి, ఉత్త ఒళ్లుమంట. ఎలాగూ తిరగ్గొడతారనే నా నమ్మకం.

రెండు వారాల్లో మద్రాసు హెడ్డాఫీసు నుంచి పాలసీ వచ్చింది. మామూలు ప్రీమియమే, ఒక్క అణా ఎక్కువ వేయలేదు. సాంబయ్య నాకు అరటిగెల పంపాడు.

ఆ మిరప కోతల్లోనే, నకరికల్లు దగ్గర రోడ్డు వార కూలికి నడిచిపోతున్న నాగమ్మను ఆ లారీ పట్టపగలు గుద్దింది. గుంటూరు ఆసుపత్రిలో ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. ఆమె పనికి పోతేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. సాంబయ్య పన్నెండో కాగితం రాయించుకుని పెద్దమనుషులతో వెళ్లాడు. ఆమె వేలిముద్ర వేయనంది. లారీ వెనక ఒక కంపెనీ ఉందని ఎవరో చెబితే, నరసరావుపేటలో ప్లీడరును పెట్టుకుని దావా వేసింది.

పరిహారాల విభాగం సూపరింటెండెంటు మద్రాసు నుంచి దిగాడు. వచ్చింది పరిహారం ఇవ్వడానికి కాదు, ఎగ్గొట్టే దారి వెతకడానికి. చట్టంలో ఆ దారి ఉంది. యజమాని ముఖ్యమైన సంగతి దాచి పాలసీ తీసుకున్నాడని రుజువైతే అది చెల్లదు, కంపెనీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ప్రమాదాలేవీ జరగలేదని సాంబయ్య నాతో చెప్పినట్టు ఒక స్టేట్‌మెంటు రాసిమ్మన్నాడు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం తన బల్ల మీదే ఉందని కూడా సెలవిచ్చాడు. రాజీ కాగితాల సంగతి ఎత్తబోతే, ఫైలు తాను చూశాననీ, అందులో ఎవరో ఇచ్చిన యోగ్యతాపత్రాలు తప్ప ఏమీ లేవనీ కొట్టిపారేశాడు. నాకేమీ అర్థం కాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, రాసిచ్చేద్దామనే సగం మనసు.

మర్నాడు ప్లీడరు గారి వరండాలో అందరం కూర్చున్నాం. ఈ లారీ పూర్వాపరాలు కంపెనీకి తెలియవనీ, తెలిస్తే పాలసీ ఇచ్చేదే కాదనీ, కాబట్టి సానుభూతి తప్ప ఏమీ ఇవ్వలేమనీ సూపరింటెండెంటు ఇంగ్లీషులో చెప్పాడు. ప్లీడరు దాన్ని నాగమ్మకు తెలుగులో చెప్పాడు. ఆమె స్తంభానికి ఆనుకుని అంతా విని నెమ్మదిగా అడిగింది.

"ఆ లారీ సంగతి పల్నాడంతా తెలుసు గదయ్యా. మీకు తెలవకపోతే దానికి పూచీ ఎట్టా పడ్డారు?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఫైలు తెరవమన్నాను. పదకొండు కాగితాలూ హెడ్డాఫీసు ముద్రతో, అందిన తేదీతో సహా అందులో ఉన్నాయి. పై కాగితం అంచున తెలుగు రాని గుమాస్తా ఎవరో ఎర్రసిరాతో రాశాడు: 'స్థానికులు ఇచ్చిన యోగ్యతాపత్రాలు, పదకొండు. తృప్తికరం.' అన్ని వేలిముద్రలు చూసి అలా అనుకున్నాడు కాబోలు. సూపరింటెండెంటు ఒక కాగితానికి అర్థం చెప్పమన్నాడు. నేను పదకొండింటికీ చెప్పాను. ఏడోది కాగానే ఆయన చాలన్నాడు, ప్లీడరు కానివ్వమన్నాడు. సాంబయ్య తన ఘనత ఇంగ్లీషులో వినబడుతున్నందుకు సంతోషంగా తలాడిస్తూ కూర్చున్నాడు.

యజమాని ఏదీ దాచలేదు కాబట్టి కంపెనీకి దారి మూసుకుపోయింది. నాగమ్మకు కోర్టు ద్వారా పరిహారం ముట్టింది. ఊళ్లో చిన్న చిల్లర కొట్టు పెట్టుకుంది. కాలు మాత్రం ఎవరిస్తారు?

నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆ గుమాస్తాను ఎవరూ ఏమీ అనలేదు. ఇకమీదట ఫారాలకు ప్రాంతీయ భాషల కాగితాలు జతచేయరాదని కంపెనీ అన్ని బ్రాంచీలకూ సర్క్యులరు పంపింది. ఆ కేసు నుంచి అది నేర్చుకున్నది అంతే.

నేను నేర్చుకున్నది వేరు. అబద్ధం రాయించే యజమానికి కంపెనీ భయపడుతుందని అంతవరకూ అనుకునేవాణ్ణి. భయం లేదు సరికదా, ఆ అబద్ధం దానికి కావాలి. ప్రీమియం తీసుకునేటప్పుడు అడ్డురాదు, పరిహారం అడిగినప్పుడు పనికొస్తుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రతి యజమానికీ ఈ మాట విడమరిచి చెప్పాకే తొమ్మిదో ప్రశ్న అడిగేవాణ్ణి. సగం మందికి పైగా శ్రద్ధగా విని, బాగా చెప్పారని మెచ్చుకుని, 'లేవు' అని రాయమనేవారు.