నాలుగు నిమిషాల గేటు

దొడ్డబళ్ళాపురం దగ్గరి ఆ ఊళ్ళో అంగడైనా ఆసుపత్రైనా నడిచి పోవచ్చు. ఫ్లాటు ఓనరు మునీంద్ర, బాడుగిల్లు చూసుకోను వచ్చిన శశికళను రైల్వే స్టేషను నుంచి అపార్ట్‌మెంటు వెనుక గేటు గుండా నడిపించి, "సరిగ్గా నాలుగు నిమిషాలమ్మా" అని ఫోన్‌లో టైము చూపించాడు. బాడుగ ఎక్కువైనా ఆ నాలుగు నిమిషాల కోసమే ఒప్పుకుని, ఆదివారం పాలు పొంగించి ఇంట్లో దిగింది.

సోమవారం పొద్దున ఆరున్నరకు రైలుకు బయల్దేరితే వెనుక గేటు దగ్గర వాచ్‌మన్ ఆవులప్ప అడ్డం నిలబడ్డాడు.

"ఈ గేటు ఓనర్లకేనమ్మా. బాడుగోళ్ళు ముందర గేటు నుంచి పోవాల. అసోసియేషన్ రూలు అట్ల ఉండాది."

ముందర గేటు నుంచి కాలనీ అంతా చుట్టి వెళ్ళేసరికి రైలు పోయింది. పదేళ్ళుగా గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఒక్క రోజూ ఆలస్యంగా పోని మనిషి, ఆ రోజు సూపర్‌వైజరు ముందు తలవంచుకుని నిలబడింది. ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం మునీంద్రకు ఫోన్ చేసింది. అతను రెండు గంటల దూరంలో, బెంగళూరు ఆ కొసనుండే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటాడు.

"రూలు నాకూ తెలుసమ్మా. కొంచెం అడ్జస్ట్ చేసుకోండి. పాలు పొంగించిన ఇల్లు వెంటనే విడిస్తే అచ్చిరాదు కదా" అన్నాడు నింపాదిగా.

తెలిసే నడిపించాడన్నమాట.

"నేను యాడికీ పోను సార్" అంది శశికళ. "గేటు ఓనర్లకే అన్నారు, ఓనరు మీరే. రోజూ పొద్దున ఆరున్నరకు వచ్చి నన్ను దాటించండి. ఆడి నుంచి ఇక్కడికి ఎన్ని నిమిషాలో ఫోన్‌లో చూసుకుని బయల్దేరండి."