ఎగిరిపోయిన ‘ఏ’

పాలకొల్లులో మందుల కొట్టు నడిపిన జోగేశ్వరరావుకి ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కంఠోపాఠం. ఎనిమిదో తరగతిలో చదువు ఆపేసి తండ్రి కొట్లో కూర్చున్నవాడు, లేబుళ్ళు చూసి చూసి, ఏ మందు పేరులో ఏ అక్షరం పక్కన ఏది ఉంటుందో మనసులో అచ్చువేసుకున్నాడు. పలకమంటే మాత్రం తడబడేవాడు.

మొదట్లో ఆయనా అందరిలాంటి వ్యాపారే. సంపూర్ణమ్మ మనవడి సంగతి జరిగాక మారిపోయాడు. ఆయన అమ్మిన చుక్కలు వేస్తే ఆ పిల్లాడి కన్ను ఉబ్బి మూసుకుపోయింది. ఆవిడ సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, “నిన్ను నమ్మి పట్టుకెళ్ళాను నాయనా” అంది. అంతే, తిట్టలేదు. సీసాని వెలుతురులో తిప్పి చూస్తే కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా. దొంగసరుకు. భీమవరం డాక్టరు చేతి చలవ వల్ల కన్ను నిలిచింది గానీ, జోగేశ్వరరావు గుండెలో ముల్లు దిగబడిపోయింది.

అప్పట్నించి ఏ పెట్టె విప్పినా లేబుల్ మీద గోరు ఆనించి అక్షరం అక్షరం దాటించేవాడు. “అక్షరం మింగినవాడు మందు మింగడా?” అనేవాడు. అనుమానం కొట్లోనే ఆగలేదు. ఒక సభ ఆహ్వానపత్రికలో ‘ప్రోగ్రాం’ అనే ఇంగ్లీషు మాటకి చివర ‘ఎమ్, ఈ’ అని రెండక్షరాలు ఎక్కువున్నాయని, చందా అడగడానికొచ్చిన వాళ్ళని ఉత్త చేతులతో పంపేశాడు.

“అదేం జబ్బండీ బాబూ!” అని నెత్తి కొట్టుకునేది భార్య బుజ్జమ్మ.

ఎనభై ఒకటి వేసవిలో ఆ బుజ్జమ్మే నీరసపడింది. మేడమెట్లు ఎక్కుతూ సగంలో కూలబడిపోయేది. డాక్టరు లక్ష్మీనరసింహం గారు కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉందని టానిక్కు రాశారు. కొత్త సరుకు ఆ వారమే రాజమండ్రి నుంచి కంపెనీ రెప్ కామేశం దింపి వెళ్ళాడు. జోగేశ్వరరావు సీసా తీశాడు, గోరు ఆనించాడు, ఆగిపోయాడు. హీమోగ్లోబిన్ అన్న మాటలో హెచ్ తర్వాత ఎప్పుడూ ఉండే ‘ఏ’ లేదు.

మళ్ళీ వచ్చిన కామేశాన్ని గుమ్మంలోనే పట్టుకున్నాడు.

“ఈ ‘ఏ’ ఏమైందండీ?”

కామేశం నవ్వాడు. “మా కంపెనీ అమెరికా వాళ్ళతో కలిసిందండీ. వాళ్ళు రాయరు. మనం సల్ఫర్‌కి పీ, హెచ్ వేస్తాం కదా, వాళ్ళు ఒక్క ఎఫ్‌తో సరిపెడతారు. రెండూ ఒప్పేనండీ.”

“అమెరికాలో అక్షరాలకి కరువొచ్చిందా? రెండూ ఒప్పెలా అవుతాయి?”

“నన్ను దొంగంటున్నారా?” కామేశం ముఖం ఎర్రబడింది.

“ఇంకా అనలేదండీ.”

డాక్టరు గారిని అడిగితే, పుస్తకాల్లో రెండు రాతలూ ఉంటాయన్నారు. కామేశం డాక్టరు గారింటి నుంచి బయటికి రావడం జోగేశ్వరరావు మొన్ననే చూశాడాయె, ఇద్దరూ ఒక్కటయ్యారనుకున్నాడు. బుజ్జమ్మ చేతికి సీసా ఇవ్వలేదు. ఏలూరు బస్సెక్కి మందుల ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదు చేసొచ్చాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి టానిక్కు పరీక్షకి తీసుకున్నాడు. జోగేశ్వరరావు ఉత్సాహం పట్టలేక గజ్జి మలాం గొట్టం ఒకటి తీసి చూపించాడు.

“రాతంటే ఇలా ఉండాలండీ. సల్ఫర్‌కి పీ, హెచ్ ఎంత చక్కగా ఉన్నాయో చూడండి.”

“అయితే ఇదీ ఇవ్వండి” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కొన్ని వారాలకి ఆయనే తిరిగొచ్చాడు. “టానిక్కు అసలైనదేనండి. మలాంలోనే గంధకం లేదు. ఉత్త మైనం, పసుపు రంగు.”

“అదేంటండీ! స్పెల్లింగు సరిగ్గా ఉంది కదా?”

“దొంగసరుకు చేసేవాడు అసలుది ఎదురుగా పెట్టుకుని దింపుతాడండీ. కన్ను చెదిరితే తప్ప అక్షరం పోనివ్వడు. మార్చి రాసే ధైర్యం అసలువాడికే ఉంటుంది.”

మలాం గొట్టాలన్నీ జప్తు చేశారు. సరఫరా చేసిన వ్యాపారి మీద కేసు పెట్టారు. జోగేశ్వరరావు ఆ పూట అన్నం ముట్టలేదు. ఇన్నేళ్ళూ గోరు ఆనించి, నిశ్చింతగా ఎంతమందికి మైనం అంటగట్టాడో! నమ్ముకున్న ఒక్క కన్నూ మోసం చేసినట్టయింది.

కామేశం వచ్చినప్పుడు కుర్చీ జరిపి, సోడా తెప్పించాడు. “నోరు జారానండీ.”

“మీరింకా అనలేదన్నారు కదండీ” అన్నాడు కామేశం, సోడా అందుకుంటూ.

ఇంత జరిగినా, సీసా బుజ్జమ్మకి ఇవ్వబోతే ఆయన చెయ్యి ముందుకి సాగలేదు. మూత తిప్పి, చెంచాడు తనే తాగేశాడు. మర్నాడూ అంతే.

“అయ్యో, నా మందు మీరు తాగుతారేంటండీ?” అంది బుజ్జమ్మ.

“ఉండవే, ఏమవుతుందో చూడనీ.”

ఏమీ కాలేదు. ఆకలి పెరిగి, మధ్యాహ్నం పెరుగన్నం మారు వడ్డించమన్నాడు. అప్పుడిచ్చాడు. ఆవిడ మింగేదాకా ఎదురుగా నిలబడి, ఆ పూటంతా కొట్టుకి పోకుండా ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

దసరా నాటికి బుజ్జమ్మ బట్టల బకెట్టు పట్టుకుని మేడమీదికి ఆగకుండా ఎక్కేసింది. కింద నిలబడి చూస్తున్న జోగేశ్వరరావు, “ఆయాసం వస్తోందా? నిజం చెప్పు” అని కేకేశాడు.

“రావట్లేదండీ!”

ఆయన నమ్మలేదు. ఊపిరి ఎలా ఉందో విందామని తనూ మెట్లెక్కాడు.